అవ్వ ఊ కొట్టింది, వదిన పేరా దాటింది

ఇదొక మహాకావ్యం. ఇందులో ఒక వీరనారి ఉంది. ఆమెకు విద్య నేర్పిన గురువున్నాడు. దాటవలసిన సముద్రాలున్నాయి. కాలమనే రాక్షసుడు గడియారం చేతబట్టుకుని ఆమె వెంటపడుతుంటాడు. చివరికి ఎవరు గెలిచారో తెలుసుకోవాలంటే మీరు ఊపిరి బిగబట్టి చదవాలి.

ఊపిరి వదిలేయండి. ఇది మా వదిన బ్యాంకు క్లర్కు పరీక్ష కోసం ఇంగ్లీషు పేరాలు చదివి, వాటి కింద ఉన్న ప్రశ్నలకు జవాబులు పెట్టడం నేర్చుకున్న సంగతి. వీరనారి ఆమే. గురువును నేనే. సముద్రాలేవీ లేవు. తాపీ నది ఉంది గానీ దానిమీద వంతెనలున్నాయి, షేర్ ఆటోలో దాటేయొచ్చు. రక్తపాతం కూడా పెద్దగా లేదు. ఒకసారి అవ్వ వేలికి కత్తెర తగిలింది. పసుపు పెట్టాం. అంతే.

మేం సూరత్‌లో, లింబాయత్‌లో ఉంటాం. తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లం. కింద పవర్‌లూమ్‌లు, పైన మా రెండు గదులు. అందుకని మా ఇంట్లో కేకలు వేస్తే మామూలుగా మాట్లాడుతున్నట్టు, మామూలుగా మాట్లాడితే కోపంగా ఉన్నట్టు. బాపుది, అంటే మా నాన్నది, కింది కార్ఖానాలోనే నైట్ డ్యూటీ. పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఈ కథలో ఆయన పాత్ర గురక వరకే. కింద మగ్గాలు ధడధడలాడుతున్నంతసేపూ హాయిగా నిద్రపోతాడు. కరెంటు పోయి అంతా నిశ్శబ్దమైతే మాత్రం ఉలిక్కిపడి లేచి "ఏమైందిరా?" అంటాడు. మా అన్నది అదే కార్ఖానాలో పగటి షిఫ్టు.

అవ్వ అంటే మా అమ్మ. మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం. ఆమె, వదిన కలిసి ఇంట్లోనే చీరల దారాలు కత్తిరిస్తారు. ఎంబ్రాయిడరీ మిషన్ మీంచి దిగిన చీర ముందునుంచి చూస్తే పెళ్లికూతురిలా ఉంటుంది, వెనకనుంచి చూస్తే అప్పుడే నిద్రలేచినదానిలా ఉంటుంది. ఆ వేలాడే దారాలన్నీ కత్తిరించి, మడతపెట్టి, మూట కట్టి తిరిగి పంపాలి. మూట ఖాళీ చేసిన చోటనే ఇంకో మూట వచ్చి కూర్చుంటుంది. ఆ పనిలోని గొప్పతనం అదే. అది ఎన్నటికీ అయిపోదు.

వదిన మా మేనమామ కూతురే. సూరత్‌లోనే, అమ్రోలిలో పుట్టి పెరిగింది. మునిసిపాలిటీ బడిలో తెలుగు మీడియంలో మొదలుపెట్టి, గుజరాతీ మీడియంలో పెద్దదై, డిగ్రీ చేతికొచ్చేసరికి ఇంగ్లీషు ఎదురుగా వచ్చి నిలబడింది. లెక్కల్లో పులి. కూరగాయల బండివాడు ఇంకా తూకం వేస్తుండగానే మొత్తం ఎంతో చెప్పేస్తుంది. వాడికి ఆమె అంటే గౌరవం, భయం, కొంచెం కోపం. అయితే బ్యాంకు పరీక్షలో లెక్కలు ఎంత బాగా చేసినా ఇంగ్లీషులో విడిగా గట్టెక్కాలి. రెండుసార్లు రాసింది. రెండుసార్లూ లెక్కలు మోసుకొచ్చిన పడవను ఇంగ్లీషు ఒడ్డున ముంచింది. ఇక మిగిలింది ఒక్కసారే. ఆ ఏడు పోతే వయసు దాటిపోతుంది.

ఈ ఉద్యోగమే ఎందుకని ఒకసారి అడిగాను. జీతమనో, మర్యాద అనో చెబుతుందనుకున్నాను. ఆమె కత్తెర ఆపకుండా చెప్పింది.

"ఆడ సాయంత్రం షట్టర్ దించుతరు మరిదీ. ఇగ చాలు, ఇంటికి పోండ్రి అని ఎవలో ఒకలు చెప్తరు. నాకు గా మాట గావాలె."

నేను ఆమె మడతపెట్టిన చీరలను మూటలోకి సర్దాను.  

నేను గురువునెలా అయ్యానో చెప్పాలి. నేను రింగ్ రోడ్డు వైపు ఒక చీరల దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొడతాను. అదే బ్యాంకు పరీక్ష నేనూ రాశాను. నాకు అంతా తిరగేసి జరిగింది. ఇంగ్లీషు పేరాలు నన్ను ప్రేమగా చూశాయి, లెక్కలు నన్ను గుర్తుపట్టను కూడా లేదు. పేరాల్లో నాకొచ్చిన మార్కులు చూసి ఇంటిల్లిపాదీ నన్ను పండితుడిగా ప్రకటించారు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. నేను ఆ చెట్టులాగే గంభీరంగా ఊగాను.

మొదటి పాఠం ఒక ఆదివారం మధ్యాహ్నం. మంచుకొండల మీద పేరా. ఈ పరీక్షల పేరాలన్నీ ఎప్పుడూ మంచు గురించో, తేనెటీగల గురించో, ఎక్కడో చలిదేశంలో ఉన్న ముసలాయన గురించో ఉంటాయి. మా పక్కన ఉధనాలో ఆటో దొరకని మనిషి గురించి ఎవరూ పేరా రాయరు. ఫోనులో టైమరు పెట్టి, గొంతు సవరించుకుని, మొదటి సూత్రం చెప్పాను.

"ముందుగాల ప్రశ్నలు సూడు వదినా. పేరా తర్వాత."

"సద్వకముందే ప్రశ్నలు సూసుడేంది? పెండ్లి సూపులకు ముందే పిల్లల పేర్లు అడిగినట్టు."

"గట్ల గాదు. మార్కెట్‌కు పోయేముందు ఏం దేవాల్నో తెలుసుకొని పోతం సూడు, గట్ల."

అవ్వ చీరలోంచి తలెత్తకుండా అంది. "మీ అన్న తెల్సుకోకుండనే పోతడు. అందుకే ఎప్పుడు జూడు కొత్తిమీరొక్కటే పట్టుకొస్తడు."

వదిన ప్రశ్నలు చూసింది. పేరా మొదలుపెట్టింది. నేను చాయ్ తాగి, గ్లాసు కడిగి, కిటికీలోంచి వీధిలో రెండు ఆటోల మధ్య జరిగిన గొడవను మొదట్నుంచి చివరిదాకా చూసి వచ్చాను. టైమరు మోగింది.

"అయిందా?"

"ఏడ అయింది? రెండో లైన్ల ఉన్న."

రెండో వాక్యంలో ఒక పొడుగాటి మాట ఉంది. దాని అర్థం నాకూ తెలియదు. కానీ నేను దాన్ని చూసి నమస్కారం పెట్టి పక్కనుంచి వెళ్లిపోయే రకం. వదిన అక్కడే ఆగిపోయింది. ఆమె ఎందుకలా ఆగుతుందో తెలియాలంటే మగ్గం సంగతి తెలియాలి. మగ్గం మీద ఒక్క పోగు తెగినా మిషన్ ఆపాలి. తెగిన పోగును వెతికి, ముడివేసి, అప్పుడే మళ్లీ నడపాలి. చూసీ చూడనట్టు నడిపిస్తే బట్ట పొడుగునా గీత పడుతుంది, కార్ఖానా సేఠ్ ఆ చుట్టనంతా పక్కన పడేస్తాడు. వదిన చిన్నప్పటి సెలవులన్నీ వాళ్ల నాన్న మగ్గం పక్కనే గడిచాయి. తెగిన పోగును దాటిపోవడం ఆమె దృష్టిలో పొరపాటు కాదు. పాపం.

"గా మాట ఇడిసిపెట్టి ముందుకు పో వదినా."

"ఎట్ల పోతరు? పోగు తెగింది గదా."

"గిది మగ్గం గాదు, పేరా. తెగినా నడుస్తది."

"పేరా నడుస్తది గావచ్చు. నా బుర్ర నడ్వది."

ఆమె ఫోనులో డిక్షనరీ తెరిచి, అర్థం చూసి, మనసులో ముడివేసుకుని మరీ కదిలింది. అలా టైమరు మోగాక గానీ రెండో వాక్యం పూర్తికాలేదు. ఆ రెండు వాక్యాలను మంచుకొండలు కూడా అంత బాగా అర్థం చేసుకుని ఉండవు. ప్రశ్నలు మాత్రం మిగతా పేరాలోంచి వచ్చాయి.

తెలియని మాటకు అర్థం ఊహించే పద్ధతి కూడా చెప్పి చూశాను. వీధిలో తెలియని మనిషి కనిపిస్తే పక్కన ఎవరున్నారో చూస్తాం కదా, అలా చూడమన్నాను. పక్కన పోలీసుంటే దొంగ, పక్కన బ్యాండుమేళం ఉంటే పెళ్లికొడుకు.

"రెండూ ఉంటే?" అంది వదిన.

"మా అన్న."

అన్న ఇంట్లో లేడు కాబట్టి ఆ పాఠం ప్రశాంతంగా ముగిసింది.

రెండో పాఠం నాటికి అన్న ఇంట్లోనే ఉన్నాడు. షిఫ్టు దిగి, స్నానం చేసి, అన్నం పళ్లెం పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు పేరా చలిదేశపు ముసలాయనది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. రోజూ మధ్యాహ్నం దుకాణం మూసి నది ఒడ్డుకు వెళతాడు. ఎందుకు వెళతాడు, అని ప్రశ్న. వదిన ఇంగ్లీషులో చదివితే నేను అందరికీ వినిపించేలా తెలుగులో చెప్పాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. ప్రశ్న ఇంటిల్లిపాదికీ వెళ్లిపోయింది.

"ఇంట్ల పోరు," అంది అవ్వ వెంటనే. "పోరు పడలేక దుకాణం పెట్టుకున్నడు. ఆడికి గూడ ఫోన్లు జేస్తుంటే నది కాడికి పోయిండు."

"అవ్వా, ఆయనకు పెండ్లామున్నదని పేరాల లేదు."

"ఉన్నదని లేదు సరే. లేదని ఉన్నదా?"

 అన్న ముద్ద మింగి అన్నాడు. "కరెంట్ కోత ఉండొచ్చురా. మధ్యాహ్నం పూట కోతుంటే దుకాణంల కూసోని ఏం జేస్తడు?"

"గడియారాలకు కరెంటెందుకన్నా?"

"ఫ్యాన్‌కు."

వదిన డాక్టరు నడవమన్నాడు అనే జవాబుకు గుర్తు పెట్టింది. పొద్దంతా కూర్చుని పని చేసేవాళ్లకు మోకాళ్లు పట్టేస్తాయట. నడిస్తే గానీ వదలవట. ఆమె చాలా నమ్మకంగా చెప్పింది, అలా చెబుతూ తన మోకాలు తానే నొక్కుకుంది. నేను పేరాలో వేలు పెట్టి చూపించాను. నదిలో పడవలు చూడటం ఆయనకు ఇష్టం అని చక్కగా, సాఫుగా రాసి ఉంది.

"గంత ముసలాయన పని ఇడిసిపెట్టి పడవలు జూడనీకె పోతడా? ఎవలన్న నమ్ముతరా?"

"నువ్వు నమ్మకు వదినా. గుర్తు పెట్టు, చాలు."

ఈ పరీక్షలో అందరూ తప్పేది ఇక్కడే. జవాబు పేరాలో ఉంటుంది, మన బతుకులో ఉండదు. పేరా చెప్పింది అబద్ధమని మీకు తెలిసినా, ఆ కాసేపు పేరా చెప్పిందే నిజం. అత్తగారింటికి కొత్తగా వెళ్లినవాళ్లకు ఈ సూత్రం బాగా అర్థమవుతుందని వదినతో అన్నాను. అత్తగారు పక్కనే ఉన్నారు కాబట్టి వదిన నవ్వలేదు. కళ్లతో మాత్రం మార్కులు వేసింది.

అన్నిటికంటే కష్టం, పేరాను బట్టి ఏమి అర్థం చేసుకోవచ్చు, అనే రకం ప్రశ్న. దాన్ని అవ్వ చేతికిస్తే ప్రళయమే. పక్కింట్లో కుక్కరు మామూలుకంటే ఎక్కువసార్లు కూస్తే, చుట్టాలొచ్చారనీ, చుట్టాలు సంబంధం మాట్లాడటానికే వచ్చారనీ, పిల్లవాడికి జుట్టు కాస్త తక్కువనీ చెప్పేస్తుంది. తరచుగా నిజమే అవుతుంది కూడా. పరీక్షలో మాత్రం విజిల్ వినబడితే పప్పు ఉడుకుతోందనే వరకే వెళ్లాలి. పెళ్లి దాకా వెళితే మార్కు కోస్తారు.

ఇంకో సూత్రం ఉంది. ఎప్పుడూ, ఎన్నడూ, ఒక్కటే, అందరూ లాంటి మాటలున్న జవాబును అనుమానించాలి. రాసినవాళ్లు అంత గట్టిగా మాట ఇవ్వరు.

వదిన గొంతు తగ్గించింది. "గా లెక్కన అత్త చెప్పేదంత తప్పే గదా. ఎప్పుడు జూడు, ఒక్కనాడన్న, అందరు గంతే..."

"నాకు ఇనబడ్డది," అంది అవ్వ. కింద మగ్గాలు మొత్తం నడుస్తున్నాయి. అయినా వినబడింది.

రాసినాయన ఏ స్వరంలో రాశాడు, అనే ప్రశ్న దగ్గర నాకూ వదినకూ నిజంగానే పోట్లాటయింది. కోపంగానా, వెటకారంగానా, విచారంగానా చెప్పమంటారు. "మొకం సూపెడ్తే చెప్త. మొకం లేకుండ కోపమెట్ల తెలుస్తది?" అని ఆమె. మెచ్చుకునే మాటలు, తిట్టే మాటలు ఏరి చూడమని నేను. "మీ అన్న తిడ్తె గూడ మెచ్చుకున్నట్టే ఉంటది" అని ఆమె. చివరికి, ఏమీ తోచకపోతే మధ్యస్థంగా ఉన్న స్వరానికి గుర్తు పెట్టమని రాజీ కుదుర్చుకున్నాం. పేరాలు రాసేవాళ్లు ఎక్కువమంది చప్పగా ఉంటారు. ఇది శాస్త్రం కాదు గానీ చాలాసార్లు పనిచేస్తుంది.

ఇన్ని సూత్రాలు చెప్పినా రోగం మాత్రం కుదరలేదు. సూత్రాలన్నీ ఆమెకు నోటికొచ్చు. నాకంటే బాగా చెబుతుంది. పేరా ముందు కూర్చుంటే మాత్రం మొదటి తెలియని మాట దగ్గర మగ్గం ఆగిపోయేది. పరీక్ష దగ్గరపడింది. ఒకరోజు నేను దుకాణం నుంచి వచ్చేసరికి ప్రాక్టీసు పుస్తకం చీరల మూట కింద ఉంది.

"నాతోని గాదు మరిదీ. నువ్వు మంచిగనే చెప్తున్నవు. నేనే ముందుకు పోతలేను."

ఆమె అలా నెమ్మదిగా మాట్లాడటం నాకు నచ్చలేదు. మా ఇంట్లో నెమ్మదిగా మాట్లాడటమంటే ఏమిటో ముందే చెప్పాను. ఆ కోపం నామీద కాదు, అదే ఇబ్బంది. అయితే పుస్తకం మూట కింద ఎందుకు పెట్టావని అడిగితే, మూట కదలకుండా ఎత్తు పెట్టాను అంది. కాబట్టి విషాదాన్ని పూర్తిగా నమ్మలేకపోయాను.

మర్నాడు నాకు సెలవు. అర్జెంటు మూట ఒకటి వచ్చింది. వదిన రెండు చేతులూ చీరలోనే ఉన్నాయి. ఎందుకైనా మంచిదని నేను ఫోనులో ఒక పేరా తెరిచి, స్టీలు డబ్బాకు ఆనించి ఆమె ఎదురుగా పెట్టాను. చేతులు ఖాళీ లేవు కాబట్టి డిక్షనరీ తెరవలేదు. కళ్లు ఖాళీయే కాబట్టి చదవక తప్పలేదు. పెద్దగా పైకి చదవడం మొదలుపెట్టింది. మళ్లీ మంచే. ఈసారి మంచుమీద పెంగ్విన్లు.

మొదటి వాక్యం అయ్యింది. ఎదురుగా కూర్చున్న అవ్వ, కత్తెర ఆడిస్తూనే, "ఊ" అంది.

వదిన ఆగింది. "నీకు సమజైందా అత్తా?"

"నాకెందుకు సమజ్ గావాలె? నువ్వు చెప్పు. ఊ."

అవ్వ చిన్నప్పుడు ఊళ్లో ఆడవాళ్లంతా కూర్చుని నూలు కండెలు చుడుతుంటే ఒకావిడ కథ చెప్పేదట. వినేవాళ్లు మాట మాటకూ ఊ కొట్టాలి. ఊ ఆగితే చెప్పేమనిషి అలుగుతుంది, కథ ఆగుతుంది, కథతోపాటు పని ఆగుతుంది. ఆ అలవాటుతో అవ్వ చెవిలో ఏ గొంతు పడినా ఊ కొడుతుంది. ఫోనులో కస్టమర్ కేర్ ఆడగొంతుకు కూడా ఊ కొడుతుంది. పగటిపూట కథలు చెబితే మేనమామలు దారి తప్పుతారని ఒక నమ్మకం ఉంది కదా, ఇంగ్లీషు కథకు అది వర్తించదని ఆ రోజు అక్కడికక్కడే తీర్మానించింది. మేనమామ అంటే వదిన నాన్నే కాబట్టి, వదిన కూడా అభ్యంతరం చెప్పలేదు.

మూడో వాక్యంలో తెలియని మాట వచ్చింది. వదిన కత్తెర ఆగింది. గొంతు ఆగింది.

"ఊ?" అంది అవ్వ.

వదిన చూపు ఆ మాట మీదే ఉంది.

"ఊఁ... తర్వాత ఏమైంది?"

"ఆగత్తా. ఒక మాట తెల్వలేదు."

"నాకు ఒక్క మాట గూడ తెల్వది. నేను ఆగిన్నా? తర్వాత ఏమైందో చెప్పు."

పెద్దామె కథ అడుగుతుంటే నడుమ ఆపి కూర్చోవడం మర్యాద కాదు. వదిన ఆ మాటను దాటింది. అవ్వ ఊ అంది. వదిన ఇంకోదాన్ని దాటింది. అవ్వ మళ్లీ ఊ అంది. వాక్యం చివర చుక్క వస్తే ఊ, వదిన తడబడితే ఇంకాస్త గట్టిగా ఊ. మధ్యలో కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. బాపు దిగ్గున లేచి కూర్చుని "ఏమైంది?" అన్నాడు.

"ఏం గాలే. మంచు కరుగుతున్నదట. పండుకో," అంది అవ్వ.

బాపు పడుకున్నాడు.

పేరా అయిపోయింది. టైమరు ఇంకా మోగలేదు. నేను ప్రశ్నలు చదివాను. వదిన దారాలు కత్తిరిస్తూనే చెప్పింది. ఒక్కటి తప్ప అన్నీ సరైనవే. ఆ తప్పిన ఒక్కటీ రాసినాయన స్వరం గురించిన ప్రశ్న. దానికి నేనూ తప్పే చెప్పాను.

"సూసినవా? నేను మొదటిసంది చెప్పింది గిదే. ఆగకుండ పొమ్మన్న."

"నువ్వు ఖాళీ చెప్పుడే చెప్పినవు మరిదీ. ఊ కొట్టినవా?"

ఆ తర్వాత రోజూ అదే పద్ధతి. అవ్వ తేనెటీగలకు ఊ కొట్టింది, అగ్నిపర్వతాలకు ఊ కొట్టింది, ఏదో దేశంలో పన్నులు పెంచిన విధానానికి కూడా ఊ కొట్టింది. పన్నుల పేరా మాత్రం బాగాలేదని, అందులో మనుషులు లేరని చెప్పింది. అవ్వ వంటలో ఉన్నప్పుడు అన్నను కూర్చోబెట్టాం. అతని ఊలు మెల్లగా పొడుగై గురకలోకి దిగిపోయాయి. అది వంశపారంపర్యం.

అయితే పరీక్ష హాలులోకి అత్తను తీసుకెళ్లనివ్వరు. వాటర్ బాటిల్‌కే లోపలికి దారి కష్టం. అందుకని గురువుగా నేను రంగంలోకి దిగి అవ్వ ఊ మాన్పించే పథకం వేశాను. మొదట అవ్వ ఎదురుగా కూర్చుని ఊ కొట్టింది. తర్వాత వంటింట్లోంచి కొట్టింది. తర్వాత నోరు మూసుకుని తల మాత్రం ఆడించింది. ఈ దశ అవ్వకు చాలా కష్టమైంది. చివరికి అవ్వను బార్డోలీలో చుట్టాలింటికి శుభకార్యానికి పంపేశాం. ఆ రెండు రోజులూ వదిన ఒక్కతే కూర్చుని చదువుకుంది. గది బయటినుంచి వింటే ఇంగ్లీషు, చుక్క, చిన్నగా ఒక ఊ. తన కథకు తానే ఊ కొట్టుకుంటోంది. కింద కార్ఖానా మేస్త్రీ ఒకసారి పైకి వచ్చి, ఇంట్లో ఎవరికన్నా బాగాలేదా అని అడిగి వెళ్లాడు.

పరీక్ష ఊరవతల ఒక కాలేజీ కంప్యూటర్ గదిలో. అవ్వ పెరుగు, చక్కెర తినిపించి పంపింది. గుజరాతీ పక్కింటామె చెప్పిన పద్ధతి. ఇంకేదైనా పద్ధతి మిగిలిందేమోనని రెండో పక్కింటామెను కూడా అడిగింది. నేను, అన్న గేటు బయట చెట్టునీడలో నిలబడ్డాం. నిలబడినంతసేపూ అన్న ఒకటే ప్రశ్న అడిగాడు. "ఇప్పుడు ఏ పేరా సదువుతున్నదంటవ్?"

బయటికొచ్చిన వదిన ముఖంలో ఏమీ లేదు. కోపమా, వెటకారమా, విచారమా. మొహం చూపిస్తే చెబుతానన్న మనిషి మొహమే అలా ఉంది.

ఇంటికి వచ్చాక చెప్పింది. చదువుతూ చదువుతూ అలవాటుకొద్దీ ఒకచోట పైకే ఊ అన్నదట. పక్క సీటబ్బాయి ఉలిక్కిపడ్డాడట. కాపలా ఉన్న సారు దగ్గరికి వచ్చి, "బేన్, షూఁ థయుఁ?" అని, ఏమైందమ్మా అని, కంగారుగా అడిగాడట. "కుచ్ నహీఁ సర్, ఆగే జా రహీ హూఁ" అన్నదట వదిన. ముందుకు పోతున్నాను అని. ఆయనకు ఏమర్థమైందో గానీ తలూపి వెళ్లిపోయాడట.

"పేరా ఏమొచ్చింది?" అని అడిగింది అవ్వ. ఆమెకు కావలసింది అదొక్కటే.

"ఒక ఊర్ల కొత్త వంతెన గట్టిండ్రట అత్తా. ఎవ్వలు దానిమీదికెళ్లి పోతలేరట."

"దయ్యం."

"పేరాల దయ్యం లేదు."

నేను అన్న వైపు చూశాను. అన్న నా వైపు చూశాడు. శిష్యురాలు దయ్యాన్ని కాదనడం అంటే మామూలు విషయం కాదు.

"మరి ఎందుకు పోతలేరు?"

"పాత తొవ్వల చాయ్ దుకాణమున్నదట. ఆడ నలుగురు కల్సుకుంటరట. కొత్త తొవ్వల ఎవలుండరట."

అవ్వ తల ఊపింది. "గిది మంచి పేరా," అంది.

తర్వాత రెండో అంచెగా ఇంకో పరీక్ష జరిగింది. ఇదే తంతు, పొడుగు ఎక్కువ. బ్యాంకువాళ్లు ఇక్కడి భాష వచ్చా అని కూడా చూస్తారు, గుజరాతీ బడిలోనే చదువుకుంది కాబట్టి ఆ గొడవ లేకుండా పోయింది. ఆపైన చాలా రోజులు ఏమీ జరగలేదు. కావ్యాల్లో ఈ భాగాన్ని వర్ణనలతో నింపుతారు. మేం చీరలతో నింపాం.

ఫలితాలు వచ్చాయని దుకాణంలో ఉండగా ఎవరో అన్నారు. నేను సేఠ్‌ను బతిమాలి మధ్యాహ్నమే ఇంటికి పరిగెత్తాను. అన్న షిఫ్టు మధ్యలో పైకి వచ్చేశాడు. అవ్వ దేవుడి పటం ముందు కూర్చుని కళ్లు మూసుకుంది. నేను ఫోను పట్టుకుని నంబరు కొట్టాను. తెల్లటి తెర, మధ్యలో చిన్న చక్రం. అది తిరుగుతోంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తిరిగింది. అన్న నా భుజంమీద చేయి వేశాడు.  అవ్వ పెదవులు కదులుతున్నాయి. వదిన మాత్రం మూలన మోకాలితో చీరల మూటను నొక్కి పట్టి ముడి బిగిస్తోంది.

"తెర్సుకుంటలేదు వదినా," అన్నాను. 

"ఇప్పుడు అందరు సూస్తరు గదా. పొద్దుగాలైతే జల్ది వచ్చింది."

"ఏం జల్ది వచ్చింది?"

"రిజల్ట్."

కింద మగ్గాలు నడుస్తూనే ఉన్నా ఇంట్లో కరెంటు పోయినట్టయింది.

"నువ్వు... సూసినవా?"

"ఆఁ."

"మరి?"

"అయింది." ఆమె ముడిని ఇంకోసారి లాగి చూసుకుంది. "అన్నిట్ల అయింది. ఇంగ్లీషుల గూడ."

"పొద్దుగాల సూసి ఇప్పటిదాంక చెప్పలేదా?" అన్న అరిచాడు. ప్రేమగానే.

"చెప్తే అత్త ఏడుస్తది. మరిది ఉపన్యాసమిస్తడు. నువ్వు మిఠాయికని పోయి దోస్తులతోని కూసుంటవు. మూట ఎవలు గడ్తరు? టెంపోవాడు వస్తనే ఉంటడు."

అవ్వ చెప్పినట్టే ఏడ్చింది. అన్న చెప్పినట్టే మిఠాయికని వెళ్లి సాయంత్రానికి గానీ రాలేదు. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను, ముందు ప్రశ్నలు చదవాలి అన్న నా మొదటి సూత్రం దగ్గర్నుంచి. రెండో వాక్యంలోనే టెంపోవాడు హారన్ కొట్టాడు. నేనే మూట మోసుకుని కిందికి దిగాను.

ఉద్యోగం బార్డోలీ బ్రాంచిలో వచ్చింది. మొదటిరోజు సాయంత్రం వదిన అనుకున్నదానికంటే ఆలస్యంగా ఇంటికి వచ్చింది. షట్టర్ దించాక కూడా లోపల లెక్కలు తేలేదాకా పని ఉంటుందట. ఈ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు, ఏ పేరాలోనూ రాసి లేదు. మేమంతా ఆమె ముఖంలోకి చూశాం. వదిన చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని కూర్చుని, ఒక చీర కూడా దగ్గరికి లాక్కోకుండా చెప్పింది.

"లెక్కలైనంక మేనేజర్ బేన్ వచ్చి లైట్లు బంద్ జేసింది. 'బస్, హవే ఘరే జావ్' అన్నది. ఇగ చాలు, ఇంటికి పో అన్నది అత్తా."

"ఊ," అంది అవ్వ. "తర్వాత?"

"తర్వాత ఏం లేదు. వచ్చిన."

ఇలాంటి పేరా ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను. లింబాయత్ నుంచి బార్డోలీకి నేరుగా బస్సు లేదు. షేర్ ఆటోలో స్టేషన్ దగ్గరి బస్టాండుకు వెళ్లి అక్కడ ఎక్కాలి. రోజూ వెళ్లేవాళ్లు నెల పాసు తీసుకోవడం మంచిది. దానికి ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో, ఆధార్ జిరాక్స్ కావాలి. ఫోటో అంటించడానికి జిగురు కౌంటర్‌లో ఉండదు, ఇంటినుంచే తీసుకెళ్లాలి.